లిఫ్టు బాగోలేదని తెలిసీ ఆపనివాళ్ళదే బాధ్యత

ప్రశ్న: మేం హైదరాబాద్ నిజాంపేటలో ఒక ఐదంతస్తుల అపార్ట్‌మెంట్‌లో, నాలుగో అంతస్తులో అద్దెకుంటున్నాం. రెండు నెలల క్రితం మా అమ్మ కూరగాయల సంచులతో లిఫ్టులో ఒక్కతే పైకి వచ్చింది. తలుపు తెరుచుకుంది కానీ లిఫ్టు మా ఫ్లోరు కంటే ఆరేడు అంగుళాలు పైన ఆగింది. అమ్మ చూసుకోకుండా అడుగు బయటపెట్టి పడిపోయింది. తుంటి ఎముక విరిగింది. ఆపరేషన్, మందులు, ఫిజియోథెరపీ కలిపి నాలుగు లక్షలు దాటాయి. ఇప్పుడు వాకర్‌తో నడుస్తోంది. ఆమెకు 63 ఏళ్ళు. అంతకు వారం ముందు నుంచే అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో "లిఫ్టు సరిగ్గా లెవెల్‌లో ఆగట్లేదు" అని ముగ్గురు మెసేజ్‌లు పెట్టారు. అసోసియేషన్‌ని అడిగితే "లిఫ్టు చూసేది ఏఎంసీ (వార్షిక నిర్వహణ ఒప్పందం) కంపెనీ, వాళ్ళనడగండి" అంటున్నారు. కంపెనీవాళ్ళు "బ్రేక్ లైనర్లు (బ్రేకు పట్టుకోవడానికి ఉండే పొరలు) అరిగిపోయాయని ముందే కొటేషన్ పంపాం, అసోసియేషన్ ఓకే చెయ్యలేదు. పైగా ప్రమాదాలకు మా బాధ్యత లేదని అగ్రిమెంట్‌లోనే ఉంది" అంటున్నారు. బిల్డర్ బిల్డింగ్ అప్పగించి నాలుగేళ్ళయింది, ఫోన్ ఎత్తడు. అధ్యక్షుడుగారైతే "మీరు అద్దెకున్నవాళ్ళు, సభ్యులు కారు, కేసు వెయ్యడానికి మీకు హక్కే లేదు. అయినా సంపాదన లేని పెద్దావిడకు నష్టపరిహారం ఏముంటుంది" అన్నారు. ఆ మాటకు అమ్మ చాలా బాధపడింది. ఏం చెయ్యాలి?

సమాధానం: మీ ఉత్తరం చదువుతూ కంపెనీవాళ్ళు చెప్పిన మాట దగ్గర ఆగిపోయాను. "బ్రేక్ లైనర్లు అరిగిపోయాయని ముందే కొటేషన్ పంపాం." తమ మీదికి రాకుండా చూసుకోవడానికి వాళ్ళు చెప్పిన ఆ మాటే మీ కేసుకు ఆయువుపట్టు. ప్రమాదానికి ముందే లిఫ్టులో లోపం ఉందని, అది ఫలానా లోపమేనని, ఆ సంగతి కంపెనీకీ అసోసియేషన్‌కీ ఇద్దరికీ తెలుసని ఆ ఒక్క కాగితం చెబుతుంది. మామూలుగా ఇలాంటి కేసుల్లో బాధితులు నెలల తరబడి తంటాలుపడి రుజువు చేసుకోవాల్సిన విషయం అది. మీ చేతికి దానంతట అదే వచ్చింది.

అరిగిన బ్రేకుకీ అమ్మగారు పడిపోవడానికీ సంబంధం ఏమిటో మీకు స్పష్టంగా ఉంటే రేపు ఎవరైనా మాట మార్చినప్పుడు తడబడరు. లిఫ్టు పెట్టెకు అవతలి వైపు తాళ్ళకు ఒక కౌంటర్‌వెయిట్ వేలాడుతుంది. అది ఖాళీ పెట్టె కంటే బరువుగా ఉంటుంది. పెట్టెలో ఒక్క మనిషే ఉన్నప్పుడు కూడా బరువు అటువైపే ఎక్కువ. ఆగాల్సిన చోట బ్రేక్ గట్టిగా పట్టకపోతే కౌంటర్‌వెయిట్ కిందికి దిగుతుంది, పెట్టె పైకి జారుతుంది. ఒక్కరే ఉన్న లిఫ్టు పైకి వెళుతూ ఫ్లోరు దాటి పైన ఆగిందంటే మెకానిక్ మొట్టమొదట చూడాల్సింది బ్రేకునే. ఇప్పటి ప్రమాణాల ప్రకారం లిఫ్టు ఆగే చోట ఫ్లోరుకూ పెట్టెకూ మధ్య తేడా 10 మిల్లీమీటర్లకు మించకూడదు. మీ దగ్గర ఆరేడు అంగుళాలు. అంటే 150 మిల్లీమీటర్ల పైమాటే.

ఇక బాధ్యత ఎవరిదన్న మాట. ఇలాంటి ప్రమాదాల్లో నేను మొదట వేసుకునే ప్రశ్నలు రెండే. లోపం ఎవరికి తెలుసు? లిఫ్టును ఆపే అధికారం ఎవరి చేతిలో ఉంది? ఈ రెండింటికీ ఒకే పేరు వస్తే బాధ్యత అక్కడే ఉంటుంది. మీ విషయంలో రెండు పేర్లు వస్తున్నాయి. మెయిన్ స్విచ్ కట్టేయడం కంపెనీ మెకానిక్ చెయ్యగలడు, అసోసియేషన్ కార్యదర్శీ చెయ్యగలడు. "లిఫ్టు పనిచేయడం లేదు, మెట్లు వాడండి" అని కాగితం మీద రాసి ప్రతి ఫ్లోరులో అంటించడానికి కొటేషన్ అక్కర్లేదు, జనరల్ బాడీ మీటింగ్ అక్కర్లేదు. ఇద్దరిలో ఎవరూ ఆ పని చెయ్యలేదు.

అసోసియేషన్ వాదనలో కొంత బలం ఉంది, అది మీకు ముందే తెలియాలి. 1941లో ఇంగ్లండ్‌లో హేసెల్డీన్ వర్సెస్ డా అనే కేసు వచ్చింది. ఒక ఫ్లాట్ల భవనంలో లిఫ్టు కిందికి పడి, ఎవరినో చూడ్డానికి వచ్చిన మనిషి గాయపడ్డాడు. భవన యజమాని పేరున్న ఇంజనీర్లకు లిఫ్టు నిర్వహణ అప్పగించాడు కాబట్టి, లిఫ్టు యంత్రం సంగతి తెలియని మామూలు మనిషిగా తన జాగ్రత్త తాను తీసుకున్నట్టేనని కోర్టు అతన్ని వదిలేసింది. నష్టపరిహారం లిఫ్టు బాగుచేసినవాళ్ళ మీద పడింది. గాయపడిన మనిషితో వాళ్ళకు ఏ ఒప్పందమూ లేకపోయినా సరే. ఇంగ్లండ్ తీర్పులు మన కోర్టులను కట్టిపడేయవు, కానీ నిర్లక్ష్యానికి సంబంధించిన కేసుల్లో మన దగ్గర ఇప్పటికీ వాటిని ఉదహరిస్తారు. అసోసియేషన్ తరఫు లాయరు దీన్నే పట్టుకోవచ్చు.

అయితే ఆ తీర్పు యజమానిని కాపాడింది అతనికి లోపం తెలియదు కాబట్టి, తెలుసుకోగలిగే నైపుణ్యం లేదు కాబట్టి. మీ అసోసియేషన్‌కు ఈ రెండూ వర్తించవు. కంపెనీ లోపాన్ని రాతపూర్వకంగా చెప్పింది. గ్రూపులో ముగ్గురు మొత్తుకున్నారు. బ్రేక్ లైనరు ఎలా మార్చాలో కార్యదర్శికి తెలియనక్కర్లేదు, స్విచ్ కట్టేయాలని తెలిస్తే చాలు. హేసెల్డీన్ తర్వాత కొన్నేళ్ళకే అదే ఇంగ్లండ్‌లో మంచు పట్టిన బడి మెట్టు మీద ఒక పిల్లవాడు జారిపడిన కేసులో కోర్టు ఈ తేడానే పట్టి చూపింది. నిపుణుల పనిని నిపుణులకు అప్పగించి నిశ్చింతగా ఉండొచ్చు. మెట్టు మీద మంచు ఊడ్చడం లాంటి, ఎవరైనా చెయ్యగల పనికి ఆ సాకు చెల్లదు.

కంపెనీ సంగతి ఇంకా సులువు. కొటేషన్ పంపడంతో వాళ్ళ పని అయిపోలేదు. బ్రేకు పట్టడం లేదని కళ్ళారా చూసిన మెకానిక్ ఆ లిఫ్టును నడుస్తూ వదిలేసి వెళ్ళకూడదు. లిఫ్టు ఆపి, సర్వీసు కార్డు మీద ఎందుకు ఆపాడో రాసి, కార్యదర్శి చేత సంతకం పెట్టించుకుని వెళ్ళాలి. అలా ఆపినా అసోసియేషనే మళ్ళీ ఆన్ చేయించి ఉంటే కంపెనీ చాలావరకు బయటపడేది. మీరు రాసినదాన్నిబట్టి అలా జరగలేదు.

"ప్రమాదాలకు మా బాధ్యత లేదు" అనే షరతుకు మీరు భయపడకండి. ఆ అగ్రిమెంట్ మీద సంతకాలు పెట్టింది కంపెనీ, అసోసియేషన్. డబ్బు ఎవరు భరించాలో వాళ్ళిద్దరి మధ్య తేల్చుకోవడానికి అది పనికొస్తుందేమో గానీ, దాన్ని ఎన్నడూ చూడని, దాని కింద సంతకం చేయని మీ అమ్మగారి హక్కును అది తీసేయలేదు. అయినా ఆ అగ్రిమెంట్ నకలు సంపాదించండి. అది అన్ని విడిభాగాలూ కలిసిన కాంట్రాక్టా, మనిషి వచ్చి చూసివెళ్ళే కాంట్రాక్టు మాత్రమేనా అన్నది చూడాలి. మొదటి రకమైతే లైనర్లు మార్చడానికి విడిగా కొటేషన్ పంపడమే తప్పవుతుంది. మన దగ్గర చాలా అసోసియేషన్లు ఏడాదికి కొన్ని వేలు తగ్గుతాయని రెండో రకానికి వెళతాయి. ఆ తర్వాత ప్రతి విడిభాగానికీ మీటింగు, ప్రతి మీటింగుకీ వాయిదా. ఈలోపు లిఫ్టు నడుస్తూనే ఉంటుంది.

ఇద్దరిలో ఎవరి వాటా ఎంతో తేల్చే భారం మీ మీద లేదు. ఇద్దరి నిర్లక్ష్యం కలిసి మూడో మనిషికి గాయమైనప్పుడు, బాధితులు ఇద్దరి మీదైనా, ఒక్కరి మీదైనా మొత్తం పరిహారం కోరవచ్చు. 2015లో ఖెన్యీ వర్సెస్ న్యూ ఇండియా అస్యూరెన్స్ కేసులో సుప్రీంకోర్టు ఇది విడమరిచి చెప్పింది. అది రోడ్డు ప్రమాదం కేసే అయినా సూత్రం ఇదే. మీ డబ్బు మీకు వచ్చాక వాళ్ళు వాళ్ళూ కొట్టుకోవచ్చు.

ఇంకో సూత్రం కూడా మీకు అండగా ఉంది. ఢిల్లీ చాందినీ చౌక్‌లో 1951లో మున్సిపాలిటీ గడియార స్తంభం కూలి జనం చనిపోయారు. 1966లో సుభాగవంతి కేసులో సుప్రీంకోర్టు, స్తంభం దానంతట అది కూలదు కాబట్టి కూలడమే నిర్లక్ష్యానికి సాక్ష్యమని, కాదని చూపించుకోవాల్సింది దాన్ని అదుపులో ఉంచుకున్నవాళ్ళేనని తేల్చింది. సరిగ్గా చూసుకునే లిఫ్టు ఫ్లోరు దాటి అరడుగు పైన ఆగి తలుపు తెరవదు.

అద్దెకున్నవాళ్ళకు హక్కు లేదన్న మాట పూర్తిగా తప్పు. నిర్లక్ష్యం వల్ల గాయపడ్డ ఎవరికైనా హక్కు ఉంటుంది. మీ ఇంటికి వచ్చిన చుట్టానికైనా, కొరియర్ కుర్రాడికైనా, పనిమనిషికైనా. నన్నడిగితే వినియోగదారుల కమిషన్‌లో మీకు అద్దెకుండడమే కలిసొస్తుంది. ఫ్లాటు ఓనరు అసోసియేషన్ మీద కేసు వేస్తే "అసోసియేషన్ అంటే మీరే కదా, మీకు మీరే సేవ అమ్ముకున్నారా" అనే వాదన వస్తుంది. ఆ వాదన మీద వేర్వేరు కమిషన్లు వేర్వేరుగా చెప్పాయి. మీరు సభ్యులు కారు, నెలనెలా మెయింటెనెన్స్ కడుతున్నారు, ఆ డబ్బులోంచే ఏఎంసీ కడుతున్నారు. డబ్బు ఇచ్చి సేవ పొందే మనిషికి ఇంతకంటే స్పష్టమైన ఉదాహరణ ఉండదు. కంపెనీ విషయానికొస్తే, 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం సేవకు డబ్బు కట్టినవారే కాదు, వారి అనుమతితో ఆ సేవ వాడుకునేవారూ వినియోగదారులే. ఆ లిఫ్టు పెట్టిందే మీలాంటివాళ్ళు ఎక్కి దిగడానికి. మీరు మెయింటెనెన్స్ పంపిన యూపీఐ రసీదులన్నీ ప్రింట్ తీసి పెట్టుకోండి. చేతికిచ్చిన నెలలు ఉంటే దానికి రసీదు అడగండి.

అమ్మగారి గురించి అధ్యక్షుడుగారు అన్న మాట మనసుకు తగలడం సహజం. చట్టప్రకారం కూడా అది చెల్లని మాటే. జంషెడ్‌పూర్‌లో 1989 నాటి అగ్నిప్రమాదంలో చనిపోయినవారి కుటుంబాల కేసు, లతా వాధ్వా కేసు, 2001లో తీర్పుకు వచ్చింది. గృహిణి ఇంట్లో చేసే పనికి డబ్బులో విలువ కట్టాల్సిందేనని సుప్రీంకోర్టు అందులో చెప్పి, 34 నుంచి 59 ఏళ్ళవారికి ఆనాడే నెలకు 3,000 రూపాయలు లెక్కగట్టింది. అంతకంటే పెద్దవాళ్ళకూ విలువ సున్నా అనలేదు. 2021లో కీర్తి వర్సెస్ ఓరియంటల్ ఇన్సూరెన్స్ కేసులో అదే మాటను ఇంకా గట్టిగా చెప్పింది. కాబట్టి అమ్మగారు ఇంట్లో ఏం చేసేవారో మీరు కాగితం మీద పెట్టాలి. పొద్దున ఎన్నింటికి లేచేవారు, వంట ఎవరిది, పిల్లలుంటే స్కూలు నుంచి ఎవరు తెచ్చేవారు, ఇప్పుడు ఆ పనులకు ఎవరిని పెట్టుకున్నారు, వాళ్ళకు నెలకు ఎంత ఇస్తున్నారు. వంటమనిషికీ ఆయాకీ ఇచ్చే జీతం ఫోన్‌పే ద్వారా ఇవ్వండి, లెక్క మిగులుతుంది.

పరిహారం అంటే ఆసుపత్రి బిల్లు ఒక్కటే కాదు. గాయాల కేసుల్లో ఏమేం అడగవచ్చో 2010 నాటి రాజ్‌కుమార్ వర్సెస్ అజయ్‌కుమార్ తీర్పులో సుప్రీంకోర్టు ఒక్కొక్కటిగా రాసిపెట్టింది. చికిత్స, మందులు, ఆసుపత్రికి తిరిగిన ఆటో, క్యాబ్ ఖర్చు, బలమైన తిండికి అయిన ఖర్చు, కోల్పోయిన సంపాదన, ముందుముందు అవసరమయ్యే చికిత్స, పడ్డ నొప్పి, ఇకపై అనుభవించలేని మామూలు సుఖాలు. గుడికి నడిచి వెళ్ళేవారు, ఇప్పుడు వెళ్ళలేకపోతున్నారు అన్నది చిన్న విషయంలా కనిపిస్తుంది, కానీ దానికీ పరిహారం ఉంది. చికిత్స ఒక కొలిక్కి వచ్చాక శాశ్వత వైకల్యం మిగిలితే ప్రభుత్వ వైకల్య సర్టిఫికెట్‌కు దరఖాస్తు చేయండి. వైకల్య శాతం మెడికల్ బోర్డు చెప్పాక దాన్ని ఎవరూ నోటిమాటతో కొట్టిపారేయలేరు.

ఇప్పుడు సాక్ష్యాల సంగతి. మీరు మీ శక్తిలో ఎక్కువ భాగం దీనిమీదే పెట్టాలి, అదీ ఈ వారంలోనే.

మొదట ఆసుపత్రి కేస్ షీట్ తీసుకుని, చేర్చుకున్న రోజు ఏం రాశారో చదవండి. గాభరాలో బంధువులు "పడిపోయింది" అంటారు, డ్యూటీ డాక్టర్ "ఇంట్లో జారి పడ్డారు" అని రాసేస్తారు. అవతలి లాయరు ఆ ఒక్క లైను పట్టుకుని, బాత్రూంలో పడి లిఫ్టు మీద పెడుతున్నారని అంటాడు. అలా రాసి ఉంటే దిద్దించడానికి ప్రయత్నించకండి, అనుమానం పెరుగుతుంది. పడిన వెంటనే లేపినవాళ్ళెవరు, అంబులెన్సు ఎవరు పిలిచారు, ఆ కాల్ ఏ సమయానికి వెళ్ళింది, ఇవి విడిగా సేకరించండి. 108కి చేసి ఉంటే అక్కడా రికార్డు ఉంటుంది.

సీసీటీవీ రికార్డింగు చాలా చోట్ల కొన్ని వారాలకే చెరిగిపోయి దానిమీద కొత్తది ఎక్కుతుంది. రెండు నెలలైంది కాబట్టి మిగిలే ఆశ తక్కువ. అయినా డీవీఆర్ (కెమెరా రికార్డింగు పెట్టె) హార్డ్ డిస్కును అలాగే భద్రపరచమని నోటీసులో అడగండి. ఆ రోజు వాచ్‌మన్‌గానీ పక్క ఫ్లాటువాళ్ళుగానీ మానిటర్‌ను ఫోన్‌లో వీడియో తీసి ఉన్నారేమో కనుక్కోండి. చాలాసార్లు తీస్తారు, గ్రూపుల్లో తిరుగుతుంది. దొరికితే వాట్సాప్‌లో వచ్చిన కాపీతో తృప్తిపడకుండా మొదట తీసిన ఫోన్‌లోని అసలు ఫైలు తీసుకోండి. ఎలక్ట్రానిక్ సాక్ష్యానికి భారతీయ సాక్ష్య అధినియమం 63వ సెక్షన్ కింద సర్టిఫికెట్ జతచేయాలి. అది మీ లాయరు చూసుకుంటారు. ఒక్క మాట మాత్రం మనవి. ఆ వీడియో తీసింది వాచ్‌మన్ అయితే తప్పనిసరి అయ్యేదాకా అతని పేరు బయటపెట్టకండి. ఇదే అసోసియేషన్ ఇచ్చే జీతంతో బతికే మనిషి అతను, ముందు పోయేది అతని ఉద్యోగమే.

వాట్సాప్ గ్రూపులో ఆ ముగ్గురి మెసేజ్‌లు తేదీ, సమయం, నంబరు కనిపించేలా స్క్రీన్‌షాట్లు తీసి, మొత్తం చాట్‌ను ఎక్స్‌పోర్ట్ కూడా చేయండి. కోపంతో గ్రూపులోంచి బయటికి రావద్దు. ఫోన్ మార్చాలనుకుంటే ఇప్పుడు కాదు.

మెషిన్ రూములోనో వాచ్‌మన్ దగ్గరో లిఫ్టు సర్వీసు కార్డు ఉంటుంది. మెకానిక్ వచ్చిన ప్రతిసారీ తేదీ వేసి సంతకం పెట్టే అట్ట అది. దాన్ని ఫోటో తీయండి. ప్రమాదం తర్వాత బ్రేక్ లైనర్లు మార్చి ఉంటే, మార్చిన తేదీతో జాబ్ షీటూ బిల్లూ ఉంటాయి. వాటి నకళ్ళు, తీసేసిన పాత లైనర్లు, లిఫ్టు కంట్రోలర్‌లో నమోదైన లోపాల రికార్డు, కొటేషన్ లెటరు, దాని మీద కమిటీ చర్చించిన మినిట్స్ (సమావేశపు రాతలు), వీటన్నిటినీ చెరపకుండా ఉంచి చూపించమని ఇద్దరికీ లాయరు ద్వారా నోటీసు పంపండి. ఆ తర్వాత కూడా పారేస్తే, బయటపెడితే తమకు నష్టం కాబట్టే దాచారని కోర్టు భావించవచ్చు. ఈ కాగితాల విషయంలో మీ ఇంటి ఓనరు సాయం అడగండి. ఆయన సభ్యుడు, మీరు అడిగితే ఇవ్వని మినిట్స్ ఆయన అడిగితే ఇస్తారు.

అమ్మగారు ముందు చూడకుండా అడుగేశారన్న వాదన తప్పకుండా వస్తుంది. ఫోన్ చూస్తున్నారని కూడా అనవచ్చు. బాధితుల పొరపాటు కొంత ఉందని తేలితే పరిహారంలో ఆ మేరకు కోత పడుతుంది. కేసు మొత్తం పోదు. తలుపు తెరుచుకుందంటే ఎదురుగా నేల ఉందనే ఎవరైనా అనుకుంటారు. లిఫ్టు తలుపు ఇచ్చే భరోసా అదే. మూసిన తలుపును బలవంతంగా లాగితేనో, ఎక్కకూడనంతమంది ఎక్కితేనో ఆ వాదనకు బలం వచ్చేది.

ఎక్కడికి వెళ్ళాలి? జిల్లా వినియోగదారుల కమిషన్ మంచిదని నా అభిప్రాయం. ఫిర్యాదు అమ్మగారి పేరు మీదే ఉండాలి, ఆమె తరఫున మీరు నడిపించవచ్చు. కంపెనీనీ అసోసియేషన్‌నీ ఇద్దరినీ ప్రతివాదులుగా చేర్చండి. ఇప్పటి చట్టంలో కమిషన్ స్థాయి మీరు అడిగే పరిహారాన్నిబట్టి కాదు, సేవకు కట్టిన మొత్తాన్నిబట్టి నిర్ణయమవుతుంది. ఆ మొత్తం 50 లక్షల లోపైతే జిల్లా కమిషనే, 5 లక్షల లోపైతే ఫీజు కూడా లేదు. కాబట్టి ఫీజుకు భయపడి తక్కువ అడగాల్సిన పని లేదు. మీరు నివసించే జిల్లాలోనే వేయవచ్చు, ఆన్‌లైన్‌లోనూ వేయవచ్చు. గడువు ప్రమాదం జరిగిన నాటి నుంచి రెండేళ్ళు. సాంకేతిక వివాదం పెద్దదైతే సివిల్ కోర్టుకు వెళ్ళమని కమిషన్ అనే అవకాశం కొంత ఉంది. సివిల్ దావాకు మూడేళ్ళ గడువు ఉన్నా, అక్కడ కోర్టు ఫీజు అడిగిన మొత్తాన్నిబట్టి పెరుగుతుంది. అలాంటి పరిస్థితి వస్తే జిల్లా న్యాయసేవాధికార సంస్థకు వెళ్ళండి. మహిళలకు ఆదాయంతో పనిలేకుండా ఉచిత న్యాయసహాయం ఉంది, ఫోన్ నంబరు 15100.

పోలీసు ఫిర్యాదు ఇవ్వాలా అంటే, ఇవ్వండి. ఎముక విరగడం చట్టం దృష్టిలో తీవ్ర గాయం. నిర్లక్ష్యంతో తీవ్ర గాయం చేసినందుకు భారతీయ న్యాయ సంహిత 125(బి), యంత్రాల విషయంలో నిర్లక్ష్యానికి 289 సెక్షన్లు ఉన్నాయి. రెండు నెలలు ఎందుకు ఆలస్యమైందో, అంటే ఆసుపత్రి, ఆపరేషన్ అని, ఫిర్యాదులోనే రాయండి. దీంతో డబ్బు రాదు. హార్డ్ డిస్కు, సర్వీసు కార్డు స్వాధీనం చేసుకునే అధికారం పోలీసులకు ఉంటుంది కాబట్టి ఇవ్వమంటున్నాను. కమిటీలో అందరి పేర్లూ రాయకండి. జీతం లేకుండా పనిచేసే కోశాధికారి లాంటివాళ్ళు ఉంటారు. కొటేషన్ ఎవరి చేతికి వచ్చింది, దాన్ని ఎవరు ఆపారు, లిఫ్టును ఎవరు చూసి వెళ్ళారు అన్నవరకే రాస్తే ఫిర్యాదుకు బరువు ఉంటుంది.

బిల్డర్ గురించి క్లుప్తంగా. ఇళ్ళు కొన్నవాళ్ళ కోసం ఉన్న రెరా చట్టం 14(3) ప్రకారం అప్పగించిన ఐదేళ్ళలోపు పనితనంలో, నాణ్యతలో లోపం బయటపడితే బిల్డరు 30 రోజుల్లో సొంత ఖర్చుతో సరిచేయాలి. నాలుగేళ్ళకే లైనర్లు అరిగిపోయాయంటే లిఫ్టు నాణ్యత మీదో, బిగింపు మీదో అనుమానం రావాల్సిందే. కానీ ఆ హక్కు ఫ్లాట్లు కొన్నవాళ్ళది, మీది కాదు. ఇంకా ఏడాది కూడా మిగల్లేదని మీ ఓనరుకు చెప్పండి. మీ కేసులోకి బిల్డరును లాగితే ఏళ్ళు సాగుతుంది. నేనైతే లాగను.

ఇలాంటి ఉత్తరాలు మాల్స్‌లో ఎస్కలేటర్ల గురించి కూడా వస్తుంటాయి. పిల్లల రబ్బరు చెప్పు మెట్టుకూ పక్క పలకకూ మధ్య సందులో ఇరుక్కోవడం, పైన దువ్వెన పలక దగ్గర చీర కొంగు చిక్కుకోవడం. అక్కడ మాల్ యాజమాన్యమే స్థలాన్ని అదుపులో ఉంచుకుంటుంది, జనాన్ని లోపలికి పిలుస్తుంది కాబట్టి బాధ్యత ఎవరిదన్న వెతుకులాట తక్కువ. ఎర్ర అత్యవసర బటన్ నొక్కడానికి పక్కన మనిషి ఉన్నాడా, అతనికి అది ఎక్కడుందో తెలుసా అన్నది ముఖ్యమవుతుంది. లిఫ్టు బాగుచేస్తూ గాయపడే మెకానిక్‌లది వేరే దారి. 2025 నవంబరు దాకా అమల్లో ఉన్న 1923 నాటి ఉద్యోగుల నష్టపరిహార చట్టంలో లిఫ్టులు నడిపే, మరమ్మతు చేసేవాళ్ళను పేరు పెట్టి చేర్చారు. వాళ్ళు యజమాని తప్పు రుజువు చేయనక్కర్లేదు.

కర్ణాటక, తమిళనాడు, మహారాష్ట్రల్లో లిఫ్టులకు ప్రత్యేక చట్టాలు, తనిఖీలు ఏనాటి నుంచో ఉన్నాయి. 2024లో ఉత్తరప్రదేశ్ కూడా చట్టం చేసి ఏఎంసీని తప్పనిసరి చేసింది. 2025 ఫిబ్రవరిలో మన హైదరాబాద్ శాంతినగర్‌లో ఆరేళ్ళ బాబు అపార్ట్‌మెంట్ లిఫ్టుకూ గోడకూ మధ్య ఇరుక్కుపోయాడు. గోడ పగలగొట్టి బయటికి తీసినా మర్నాడు ప్రాణం పోయింది. అలాంటి వార్త వచ్చినప్పుడల్లా రెండు వారాలు ప్రతి అపార్ట్‌మెంట్‌లోనూ లిఫ్టు గురించి మాట్లాడతారు. మూడో వారం కొటేషన్ ఫైల్లోకి వెళ్ళిపోతుంది. మీరు వేసే కేసు మీ బిల్డింగ్‌లో ఆ ఫైలును బయటికి తీయిస్తుంది. "అందరం ఇక్కడి వాళ్ళమే కదా" అని ఎవరైనా బుజ్జగిస్తే ఈ మాట వాళ్ళకు చెప్పండి. పరిహారం అధ్యక్షుడుగారి జేబులోంచి పోదు. అసోసియేషన్ మీద పడే వాటా ఫ్లాట్లన్నిటికీ పంచుకుంటారు, థర్డ్ పార్టీ బీమా ఉంటే అదే కడుతుంది. బీమా ఉందా అన్నది కూడా నోటీసులోనే అడగండి. ఉంటే ప్రమాదాన్ని వెంటనే బీమా కంపెనీకి తెలియజేయాల్సిన బాధ్యత అసోసియేషన్‌దే. ఇప్పటికే ఆలస్యమైంది.

నోటీసుకు పదిహేను రోజుల గడువు ఇవ్వండి. ఈలోపు రాజీకి వస్తే నోటిమాట మీద డబ్బు తీసుకోకండి. "ఇకపై ఎలాంటి క్లెయిమూ లేదు" అని రాసిన కాగితం మీద, చికిత్స పూర్తికాకుండా, అమ్మగారి చేత అసలే సంతకం పెట్టించకండి. రాజీ అయ్యేట్టయితే న్యాయసేవాధికార సంస్థలో కేసుకు ముందస్తు లోక్ అదాలత్‌లో పెట్టించుకోండి. అక్కడి అవార్డు కోర్టు డిక్రీతో సమానం, దాని మీద అప్పీలు ఉండదు. వైకల్య శాతం తేలకముందే వస్తే, ఇప్పటిదాకా అయిన ఖర్చు మాత్రం ఇప్పుడు తీసుకుని, మిగతాది సర్టిఫికెట్ వచ్చాక తేల్చుకుంటామని రాయించుకోండి. కొటేషన్ కాపీ చేతికి రాగానే దాని మీది తేదీ చూసి నాకు మళ్ళీ రాయండి. అది గ్రూపులో మొదటి మెసేజ్‌కు ముందుదా, తర్వాతదా అన్నదాన్నిబట్టి నోటీసులో కంపెనీని ముందు పెట్టాలో, అసోసియేషన్‌ని ముందు పెట్టాలో చెబుతాను.